హెడ్ దించేటప్పుడే తెలిసే నిజం: గ్యాస్కెట్ ఎందుకు పోయింది?

కారు ఇంజన్‌లో హెడ్ గ్యాస్కెట్ పోయిందనగానే పాతది తీసి కొత్తది వేస్తే సరిపోతుందనుకోవడం మామూలే. కానీ అది క్లచ్ ప్లేటు, బ్రేక్ ప్యాడ్ మాదిరిగా వాడకంలో అరిగే వస్తువు కాదు. ఇంజన్‌కు పై మూత లాంటి హెడ్డుకూ, సిలిండర్లుండే కింది దిమ్మె అయిన బ్లాకుకూ మధ్య నలిగి, పెట్టిన చోటే ఏళ్ల తరబడి పడి ఉంటుంది. అది పోయిందంటే చాలాసార్లు దాని పైనో కిందో ఇంకేదో జరిగిందని అర్థం. ఇంజన్ ఎప్పుడో విపరీతంగా హీటెక్కి హెడ్ వంగి ఉండవచ్చు. బోల్టుల బిగువు తగ్గి ఉండవచ్చు. ఏళ్లుగా మార్చని కూలెంట్ (ఇంజన్‌ను చల్లబరిచే ద్రవం) అల్యూమినియాన్ని తినేసి ఉండవచ్చు. అసలు కారణం ఏమిటో చెప్పే ఆనవాళ్లన్నీ హెడ్ దించే క్రమంలోనే బయటపడతాయి, తొందరపడితే ఆ క్రమంలోనే చెరిగిపోతాయి. కొత్త గ్యాస్కెట్ ఎంతకాలం నిలుస్తుందనేది బిగించేటప్పటికంటే విప్పేటప్పుడే ఎక్కువగా తేలిపోతుంది.

దాని మీద పడే భారం ఎంతో ముందు చూడాలి. సిలిండర్‌లో ఇంధనం మండిన క్షణాన మామూలు పెట్రోల్ ఇంజన్‌లోనే 50 నుంచి 80 బార్ల దాకా ఒత్తిడి పుడుతుంది. ఇప్పటి డీజిల్ ఇంజన్లలో అది 150 బార్లు దాటడం కొత్తేమీ కాదు. ఆ మంటకు కొన్ని మిల్లీమీటర్ల దూరంలోనే ఒత్తిడితో కూలెంట్ ప్రవహిస్తుంటుంది. పక్కనే హెడ్డులోకి ఎక్కే ఆయిల్ దారి ఉంటుంది. ఈ మూడూ ఒకదాంట్లో ఒకటి కలవకుండా ఆపేది మిల్లీమీటరుకు కాస్త అటూ ఇటూ మందం ఉన్న ఒక్క రేకే. రెండు సిలిండర్ల మధ్య గోడ మీద గ్యాస్కెట్ వెడల్పు చాలా ఇంజన్లలో వేలి గోరంత కూడా ఉండదు.

ఒత్తిడి ఒక్కటే అయితే ఇంత ఇబ్బంది ఉండేది కాదు. పైన హెడ్డు అల్యూమినియం, కింద బ్లాకు పోత ఇనుము అయిన ఇంజన్లలో వేడికి రెండూ ఒకేలా పెరగవు. అల్యూమినియం వ్యాకోచం ఇనుముకు దాదాపు రెట్టింపు. అర మీటరు పొడవున్న హెడ్డు 80 డిగ్రీల సెల్సియస్ మేర వేడెక్కితే సుమారు 0.9 మిల్లీమీటరు సాగుతుంది, అంతే వేడికి బ్లాకు అందులో సగమే సాగుతుంది. అంటే ఇంజన్ వేడెక్కిన ప్రతిసారీ, చల్లారిన ప్రతిసారీ హెడ్డు ముఖం బ్లాకు ముఖం మీద కాస్త జరగాలని చూస్తుంది. ఆ జరుగుడును ఓర్చుకుంటూనే గ్యాస్కెట్ సీలు పట్టి ఉండాలి. పాత కాలపు రాగి, ఆస్బెస్టాస్ గ్యాస్కెట్ల స్థానంలో ఇప్పుడు మూడు నుంచి ఐదు పొరల స్ప్రింగ్ స్టీల్ రేకులు రావడానికి ఇదొక ముఖ్య కారణం. రంధ్రాల చుట్టూ ఉబ్బెత్తుగా నొక్కిన ఆ రేకులు హెడ్డు రవ్వంత పైకి లేచినా వెంటనే విచ్చుకుని ఖాళీని మూస్తాయి.

ఈ అతుకు ఎంత బెడదో ఇంజనీర్లకు మొదటి నుంచీ తెలుసు. అందుకే అసలు అతుకే లేని ఇంజన్లు కూడా వచ్చాయి. తొలినాటి బెంట్లీ 3 లీటర్ ఇంజన్‌లో హెడ్డు, బ్లాకు కలిపి ఒకే పోతగా పోశారు. అమెరికా రేసుల్లో దశాబ్దాల పాటు రాజ్యమేలిన ఆఫెన్‌హౌజర్ ఇంజన్ కూడా అంతే. లేలాండ్ 500 సిరీస్ డీజిల్ ఇంజన్‌లో సైతం ఇదే ప్రయత్నం జరిగింది. వీటిలో గ్యాస్కెట్ పోవడమన్న మాటే లేదు. కానీ ఒక వాల్వు అరగదీయాలన్నా ఇంజన్ మొత్తం కింది నుంచి విప్పాల్సి వచ్చేది. 1908లో వచ్చిన ఫోర్డ్ మోడల్ టీ విడదీయగలిగే హెడ్డుతోనే వచ్చింది. రిపేరు చేసేవాడి చేతికి అందుబాటుగా ఉండటమే చివరికి గెలిచింది. ఆ సౌలభ్యానికి చెల్లించే మూల్యం ఈ గ్యాస్కెట్.

పానా పట్టుకునే ముందు చేయాల్సిన పని ఒకటుంది. గ్యాస్కెట్టే పోయిందా, పోతే ఏ సిలిండర్ దగ్గర పోయింది అన్నది ఇంజన్ విప్పకముందే తేల్చుకోవాలి. ఆయిల్ మూత కింద మీగడలాంటి తెల్లటి పదార్థం కనిపించగానే గ్యాస్కెట్ పోయిందని తీర్పు చెప్పేయడం పొరపాటు. చల్లటి వాతావరణంలో తక్కువ దూరాలే తిరిగే కారులో లోపల చేరిన తేమ వల్ల కూడా అలా కడుతుంది. డిప్‌స్టిక్ మీద కూడా అదే రంగు కనిపించి, కూలెంట్ మట్టం తగ్గుతూ పోతుంటే అనుమానం బలపడుతుంది. అప్పుడు కూడా ఆయిల్ కూలర్ లోపల చిల్లు పడలేదని చూసుకోవాలి, ఎందుకంటే అది కూడా ఆయిల్‌నీ కూలెంట్‌నీ కలిపేస్తుంది.

నమ్మదగిన పరీక్షలు వేరే ఉన్నాయి. కూలెంట్ పైనున్న గాలిని నీలం రంగు ద్రావకం గుండా లాగితే, అందులో మండిన వాయువు ఉన్నప్పుడు కార్బన్ డయాక్సైడ్ వల్ల ఆ రంగు పసుపుకు తిరుగుతుంది. సిలిండర్‌లో గాలి ఎంత ఒత్తిడికి నలుగుతోందో చూపే కంప్రెషన్ గేజ్ పెట్టినప్పుడు పక్కపక్క రెండు సిలిండర్లలో మాత్రమే రీడింగ్ పడిపోతే, ఆ రెండింటి మధ్య గోడ మీద గ్యాస్కెట్ కాలి ఉండటానికి అవకాశం ఎక్కువ. సిలిండర్‌లోకి గాలి ఎక్కించే లీక్‌డౌన్ పరీక్ష చేస్తే, గాలి ఎటు పోతోందో కూలెంట్ నింపే ఎక్స్‌పాన్షన్ ట్యాంకులో బుడగలే చెబుతాయి. రాత్రంతా ఆగి ఉన్న ఇంజన్‌ని పొద్దున్నే స్టార్ట్ చేసిన ఒకటి రెండు నిమిషాలకే రేడియేటర్ పై హోస్ రాయిలా గట్టిపడితే అది వేడి వల్ల వచ్చిన ఒత్తిడి కాదు, అంత త్వరగా కూలెంట్ వేడెక్కదు; సిలిండర్‌లోని వాయువు అందులోకి చేరుతోందని అనుమానించాలి. ఈ ఫలితాలన్నీ ఒక కాగితం మీద రాసి పెట్టుకుంటే హెడ్డు లేపాక ఎక్కడ వెతకాలో తెలుస్తుంది. ఈ పరీక్షలు చేయకుండా హెడ్ దించితే ఆనవాళ్లు కళ్ల ముందున్నా వాటిని చదవడం కష్టమవుతుంది.

ఇక విప్పడం. ఇంజన్ పూర్తిగా చల్లారాలి. ఇది చేతులు కాలతాయన్న భయంతో చెప్పే మాట కాదు. వేడి మీదున్న అల్యూమినియం హెడ్డును ఒక వైపు వదులు చేసి ఇంకోవైపు బిగువుగా ఉంచితే అది ఆ వంపులోనే చల్లారుతుంది. బాగున్న హెడ్డు విప్పడంలోనే వంగిపోతుంది. ఒక రాత్రి ఆగడం వల్ల పోయేదేమీ లేదు. బ్యాటరీ తీసి, పెట్రోల్ లైన్‌లో ఒత్తిడి వదిలించి, కూలెంట్ దించాలి. రేడియేటర్ ఖాళీ చేస్తే చాలదు. బ్లాకుకు డ్రెయిన్ ప్లగ్ ఉంటే అది కూడా తీయాలి. లేకపోతే హెడ్డు లేపిన క్షణాన మిగిలిన కూలెంట్ సిలిండర్లలోకి, అక్కడి నుంచి కింద ఆయిల్ చాంబర్‌లోకి దిగుతుంది. పైగా కూలెంట్ అసలు ఎక్కడి నుంచి కారిందో చెప్పే తడి మరకలన్నీ కలగాపులగమవుతాయి.

మానిఫోల్డులు, హోసులు, వైర్లు తీయడం ఓపికతో కూడిన పని, అంతకు మించి చెప్పడానికి ఏమీ లేదు. ప్రతిదానికీ గుర్తు కట్టాలి, ఫోటో తీసుకోవాలి. జాగ్రత్తంతా టైమింగ్ దగ్గర, అంటే పిస్టన్లతో కలిసి తిరిగే క్రాంక్‌కూ వాల్వులను తెరిచే కామ్‌కూ ఉన్న పొంతన దగ్గర, అవసరం. క్రాంక్‌ని ఆ ఇంజన్‌కు చెప్పిన గుర్తుకు తెచ్చి, కామ్ గుర్తులు సరిచూసుకుని, ఉంటే లాకింగ్ పిన్ వేసి, ఆ తర్వాతే బెల్టు గానీ చైను గానీ విప్పాలి. చైనున్న ఇంజన్‌లో, చైనును బిగువుగా పట్టే టెన్షనర్‌ని వెనక్కి నొక్కి పెట్టకుండా స్ప్రాకెట్ (చైను తిరిగే పళ్ల చక్రం) తీస్తే, టెన్షనర్ పూర్తిగా బయటికి వచ్చి చైను కిందికి జారుతుంది. అప్పుడు ముందు కవరు కూడా విప్పాల్సి వస్తుంది. వాల్వులు పిస్టన్లకు తగిలే రకం ఇంజన్లలో బెల్టు తీశాక కామ్‌నో క్రాంక్‌నో విడిగా తిప్పితే వాల్వులు వంగుతాయి. కామ్‌షాఫ్ట్ క్యాపులు తీయాల్సి వస్తే వాటిని కూడా కొంచెం కొంచెంగా, అన్నింటినీ సమంగా వదులు చేయాలి. ఒకే చివర విప్పుకుంటూ పోతే వాల్వు స్ప్రింగుల తోపుడుకు కామ్ విరిగే ప్రమాదం ఉంది. ఏ క్యాపు ఏ చోటిదో అక్కడికే తిరిగి వెళ్లాలి, ఎందుకంటే ఆ రంధ్రాలను క్యాపులు బిగించి ఉంచే కోస్తారు.

హెడ్ బోల్టులు విప్పే వరస, బిగించే వరసకు సరిగ్గా తిరగేసినది. బిగించేటప్పుడు నడుమ నుంచి చివరలకు, విప్పేటప్పుడు చివరల నుంచి నడుమకు. ఒక్కో బోల్టును ఒకేసారి పూర్తిగా తీసేయకూడదు. మొదటి చుట్టులో అన్నింటినీ పావు తిప్పు, తర్వాత ఇంకాస్త, ఇలా రెండు మూడు విడతల్లో బిగువు మొత్తం సమంగా దిగాలి. ఈ పని చేసేటప్పుడు చేతికి తెలిసే విషయం చాలా విలువైనది. బిగువుగా ఉన్న బోల్టు మొదటి కదలికలో ఒక్కసారిగా టక్కుమని వదులుతుంది. అన్నీ అలా వదిలి, ఒక మూలవి రెండు మాత్రం చప్పుడు లేకుండా తేలిగ్గా తిరిగాయంటే, బిగువు ఎక్కడ పోయిందో తెలిసినట్టే. ఒక అట్ట ముక్కకు హెడ్డు ఆకారంలోనే రంధ్రాలు పొడిచి, తీసిన బోల్టును తీసిన చోటే గుచ్చిపెడితే ఆ సమాచారం నిలిచి ఉంటుంది. తుప్పు పట్టినదేది, మరల్లో సాగినదేది, కూలెంట్‌లో తడిసినదేది అని తర్వాత తీరిగ్గా చూడవచ్చు. అన్నీ ఒకే డబ్బాలో పోస్తే ఇదంతా పోతుంది.

బోల్టులన్నీ తీసినా హెడ్డు కదలకపోతే స్క్రూడ్రైవర్ దూర్చి మీటే ముందు, ఇంకా ఏదైనా బోల్టు మిగిలిందేమో చూడాలి. టైమింగ్ కవర్ వైపు నుంచి హెడ్డును పట్టుకునే చిన్న బోల్టులు చాలా ఇంజన్లలో ఉంటాయి, ఆయిల్ నిండిన గుంటలో కనిపించకుండా దాక్కునేవీ ఉంటాయి. అన్నీ తీశామని రూఢి అయ్యాకే చెక్క దిమ్మె అడ్డం పెట్టి గట్టి భాగం మీద మెల్లగా తట్టాలి. అతుకు ముఖాల మధ్య ఉక్కు పనిముట్టు దూర్చి మీటితే పడే గాటు, తర్వాత లీకుకు అదే దారి అవుతుంది. వెట్ లైనర్లు, అంటే బ్లాకులో విడిగా దించి, చుట్టూ కూలెంట్ తగిలే సిలిండర్ గొట్టాలు, ఉన్న ఇంజన్లకు ఇంకో నియమం ఉంది. హెడ్డును నేరుగా పైకి లాగితే దానికి అంటుకున్న లైనర్లు కూడా లేచి కింది సీళ్లు ఊడతాయి. అందుకని తయారీదారు చెప్పిన పద్ధతిలోనే, సాధారణంగా పక్కకు కదిలించి, అతుకు విడదీయాలి. హెడ్డు వచ్చాక లైనర్లను క్లాంపులతో పట్టి ఉంచే దాకా క్రాంక్ తిప్పకూడదు. బయటికొచ్చిన హెడ్డును ముఖం కిందికి పెట్టి నేల మీద దించడం కూడా తప్పే. తెరుచుకుని ఉన్న వాల్వులు ముఖం కంటే బయటికి పొడుచుకొచ్చి ఉంటాయి, హెడ్డు బరువంతా వాటి మీద పడుతుంది. రెండు చివరలా చెక్క దిమ్మెలు పెట్టి వాటి మీదే దించాలి.

ఇక్కడ ఆగాలి. గుడ్డ, స్క్రేపర్ పక్కన పెట్టి, లైటు వేసి, గ్యాస్కెట్‌నూ రెండు ముఖాలనూ పిస్టన్లనూ చూడాలి. మొత్తం పనిలో ఇంతకంటే విలువైన ఘడియ లేదు, చాలా చోట్ల దాటవేసేదీ ఇదే. నాలుగు పిస్టన్లలో మూడింటి మీద నల్లటి మసి ఉండి, ఒకటి మాత్రం కడిగినట్టు తళతళలాడుతుంటే ఆ సిలిండర్‌లోకి కూలెంట్ వస్తోంది. ఆవిరి ఆ మసిని కడిగేసింది. సిలిండర్ చుట్టూ ఉండే ఉక్కు వలయం మీద పక్క సిలిండర్ దాకా సన్నటి నల్ల చార ఉంటే మంట అటు దాటింది. అదే చార కూలెంట్ రంధ్రం వైపు పోతే ట్యాంకులో బుడగలు ఎందుకొచ్చాయో తెలిసిపోతుంది. గ్యాస్కెట్ నలిగిన గుర్తు ఒక వైపు లోతుగా, ఇంకోవైపు పైపైన ఉంటే హెడ్డు వంగిందో బోల్టులు సడలాయో అనుకోవాలి. కూలెంట్ రంధ్రాల అంచులు పుచ్చిపోయి, అల్యూమినియం తెల్లటి పొడిలా రాలుతుంటే తప్పు కూలెంట్‌ది. దాన్ని మార్చక, లేదా ఉత్త నీళ్లు పోసి, తుప్పును ఆపే రసాయనాలు కరువై అలా అవుతుంది. వీటిలో ఏదీ కొత్త గ్యాస్కెట్ వేసినంత మాత్రాన మాయమయ్యేది కాదు.

తప్పు గ్యాస్కెట్‌ది మాత్రమే కాదనడానికి బ్రిటన్ కార్ల కంపెనీ రోవర్ తెచ్చిన కే సిరీస్ ఇంజన్ మంచి ఉదాహరణ. 1988లో వచ్చిన ఈ ఇంజన్‌లో పొడవాటి బోల్టులు హెడ్డు నుంచి బ్లాకు గుండా, అడుగున వాటిని పట్టుకునే లోహపు రైలు దాకా దిగి, మొత్తాన్ని ఒక్కటిగా బిగించి పట్టేవి. బరువు తక్కువ, పనితనం గొప్పది. కూలెంట్ పరిమాణం తక్కువ కావడంతో చిన్న లీకు కూడా త్వరగా పెద్ద వేడిగా మారేది. గ్యాస్కెట్లు పోతాయన్న పేరు దాన్ని వదల్లేదు. తర్వాత వచ్చిన పరిష్కారం పొరల స్టీల్ గ్యాస్కెట్ ఒక్కటే కాదు. హెడ్డును స్థానంలో ఉంచే ప్లాస్టిక్ డవెల్లకు (చిన్న పిన్నులు) బదులు స్టీల్ డవెల్లు, బోల్టులు పట్టుకునే కింది రైలును బలపరచడం, కూలెంట్‌లో ఒక్కసారిగా వేడి తేడా రాకుండా థర్మోస్టాట్ మార్చడం కూడా ఉన్నాయి.

చూసి, ఫోటోలు తీసుకున్నాకే శుభ్రం చేయడం. త్వరగా అవుతుందని డ్రిల్లుకు తగిలించి తిప్పే గరుకు డిస్కులు వాడటం చాలా ప్రమాదం. వాటి నుంచి రాలే అల్యూమినియం ఆక్సైడ్ రేణువులు ఉక్కును కూడా గీరేంత గట్టివి. అవి ఆయిల్ దారుల్లో చేరితే క్రాంక్ బేరింగులు పోతాయి. పైగా ఆ డిస్కు మెత్తటి అల్యూమినియం మీద కంటికి కనిపించని గుంటలు చేస్తుంది. ప్లాస్టిక్ స్క్రేపర్, గ్యాస్కెట్ కరిగించే ద్రావకం, ఓపిక ఉంటే చాలు. మరీ పాత కారైతే గ్యాస్కెట్‌లో ఆస్బెస్టాస్ ఉండే అవకాశం ఉంది, దాన్ని పొడిగా గీకి దుమ్ము లేపకూడదు, తడిపి తీయాలి. బోల్టు రంధ్రాలను మరవకూడదు. అడుగు మూసి ఉన్న రంధ్రంలో కాస్త ఆయిల్‌గానీ కూలెంట్‌గానీ మిగిలితే, బోల్టు దిగుతుంటే ఆ ద్రవానికి పోయే దారి ఉండదు. టార్క్ రెంచ్ సరైన అంకె చూపిస్తుంది గానీ బోల్టు నిజంగా బిగియదు, ఒక్కోసారి ఆ ఒత్తిడికి బ్లాకే చిట్లుతుంది.

తర్వాత కొలత. నిఖార్సయిన స్ట్రెయిట్ ఎడ్జ్‌ని (తిన్నని అంచున్న ఉక్కు పట్టీ) హెడ్డు మీద నిలువుగా, అడ్డంగా, మూల నుంచి మూలకు పెట్టి కింద ఫీలర్ గేజ్ (మందం రాసి ఉన్న సన్నటి రేకు) దూర్చి చూడాలి. ఇంజన్‌ను బట్టి అనుమతించే వంపు మారుతుంది. చాలావాటిలో అది 0.05 నుంచి 0.1 మిల్లీమీటరు మధ్యే ఉంటుంది, ఖచ్చితమైన అంకె ఆ ఇంజన్ మాన్యువల్‌లో చూడాలి. హెడ్డును మెషీన్ షాపుకు పంపి, బ్లాకు ముఖాన్ని కొలవకుండా వదిలేయడం తరచూ జరిగే తప్పు. సీలు పట్టాల్సింది రెండు ముఖాల మధ్య. ఒకటి చదునుగా ఉన్నంత మాత్రాన రెండోది చదును కాదు.

ఫేసింగ్, అంటే మెషీన్‌తో ముఖం మీది లోహం కాస్త తీసి చదును చేయించడం, కూడా ఆలోచించి చేయాల్సినదే. హెడ్డు వంగినప్పుడు కింది ముఖమే కాదు, పైన కామ్‌షాఫ్ట్ తిరిగే రంధ్రాల వరస కూడా వంగుతుంది. కింది ముఖాన్ని మాత్రం చదును చేసి బిగిస్తే కామ్ బిగుసుకుని తిరుగుతుంది, లేదా విరుగుతుంది. లోహం తీసిన కొద్దీ కంప్రెషన్ పెరుగుతుంది, వాల్వులు పిస్టన్లకు దగ్గరవుతాయి, పైన కామ్ ఉన్న ఇంజన్లలో టైమింగ్ కాస్త వెనక్కి జరుగుతుంది. అందుకే కొందరు తయారీదారులు ఫేసింగ్‌ను అసలు ఒప్పుకోరు, మరికొందరు హెడ్డు మందానికి కనీస పరిమితి పెడతారు. విపరీతంగా హీటెక్కిన హెడ్డులో వాల్వు సీట్ల మధ్య పగుళ్లు ఉన్నాయేమో ప్రెజర్ టెస్ట్ చేయించాలి. అల్యూమినియం గట్టితనం కూడా చూపించాలి. మితిమీరిన వేడికి మెత్తబడిన హెడ్డును ఎంత చదును చేసినా బోల్టుల కింద మళ్లీ కుంగుతుంది. ముఖం నునుపు కూడా ముఖ్యమే. పాత రకం మెత్తటి గ్యాస్కెట్లకు సరిపోయే గరుకుదనం స్టీల్ పొరల గ్యాస్కెట్లకు పనికిరాదు.

బిగించే దశలో ఎక్కువ గందరగోళం బోల్టుల దగ్గరే. టార్క్ రెంచ్‌తో పెట్టే బలంలో దాదాపు 90 శాతం బోల్టు తల కింద, మరల్లో రాపిడికే పోతుంది. హెడ్డును నిజంగా అదిమి పట్టేది మిగిలిన 10 శాతమే. మరల్లో మురికి ఉన్నా, ఆయిల్ ఎక్కువో తక్కువో అయినా అంకె అదే చూపిస్తూ పట్టు మాత్రం చాలా తేడాగా వస్తుంది. ఈ తేడాను తగ్గించడానికే ఇప్పటి ఇంజన్లలో ముందు కొద్ది టార్క్ (తిప్పే బలం) పెట్టి, ఆపై 90 డిగ్రీలు, మళ్లీ 90 డిగ్రీలు అన్నట్టు కోణంతో తిప్పమంటారు. అలా బిగిసిన బోల్టు చాలా ఇంజన్లలో సాగే హద్దు దాకా వెళ్తుంది. అలాంటిదాన్ని రెండోసారి వాడటం, ఎంత బాగున్నట్టు కనిపించినా, పొదుపు కాదు. బోల్టుకు ఆయిల్ రాయాలా వద్దా అన్నది కూడా మాన్యువల్ చెప్పినట్టే చేయాలి.

గ్యాస్కెట్ మీద ‘టాప్’ అనో ‘ఫ్రంట్’ అనో ఉన్న గుర్తు చూసి పెట్టాలి. తిరగేస్తే హెడ్డుకు ఆయిల్ ఎక్కే రంధ్రమే మూసుకుపోవచ్చు. చాలా డీజిల్ ఇంజన్లలో పిస్టన్ బ్లాకు ముఖం కంటే ఎంత పైకొస్తుందో కొలిచి, దానికి తగిన మందం గ్యాస్కెట్ ఎంచుకోవాలి. దాని అంచున ఉండే గాట్లో రంధ్రాలో ఆ మందాన్ని చెబుతాయి. స్టీల్ గ్యాస్కెట్‌కు గమ్ పూయడం అలవాటుగా చేసే పనే గానీ అది మేలు కంటే కీడే చేస్తుంది. తయారీదారు చెప్పిన చోట, అంటే సాధారణంగా టైమింగ్ కవర్ వచ్చి బ్లాకుకు కలిసే మూల దగ్గర, ఒక చుక్క తప్ప మిగతాదంతా పొడిగానే ఉండాలి. డవెల్లు చోటిలో ఉన్నాయని చూసి, క్రాంక్‌ని మాన్యువల్ చెప్పిన స్థానంలో, సాధారణంగా పిస్టన్లు సగం కిందికి దిగేలా ఉంచి హెడ్డు దించితే వాల్వులు వాటికి తగలవు.

ఆయిల్‌లో కూలెంట్ కలిసిన ఇంజన్‌లో ఆయిల్, ఫిల్టర్ మార్చి, కొద్దిసేపు నడిపి మళ్లీ మార్చడం మంచిది, ఎందుకంటే గ్లైకాల్ బేరింగులను తినేస్తుంది. ఇంజన్ హీటెక్కడానికి మూలం కాగల థర్మోస్టాట్, రేడియేటర్ మూత, ఫ్యాన్, వాటర్ పంపు ఒక్కొక్కటే తనిఖీ చేయాలి. కూలింగ్ సిస్టమ్‌లో గాలి చిక్కుకుంటే మొదటి రోజే హెడ్డులో ఒక మూల ఎండిపోయి వేడెక్కుతుంది. అందుకని గాలి వదిలే బ్లీడ్ స్క్రూలు తెరిచి, క్యాబిన్ హీటర్ పూర్తిగా ఆన్ చేసి, ఫ్యాన్ ఒకసారి తిరిగి ఆగేదాకా ఇంజన్ నడపాలి. రాత్రి చల్లారనిచ్చి, మర్నాడు స్టార్ట్ చేయకముందే ట్యాంకులో మట్టం చూడాలి. అది కొద్దిగా తగ్గడం మామూలే, లోపలి గాలి బయటికొచ్చి ఉంటుంది. రెండో రోజు, మూడో రోజు కూడా తగ్గుతూ పోతుంటే మాత్రం, విప్పినప్పుడు తీసిన ఫోటోలు, రాసుకున్న కంప్రెషన్ రీడింగులు మళ్లీ ముందు పెట్టుకుని వెతకాలి.